చుట్టపుచూపుగా వచ్చే మా అత్త

కొత్త కేలండరు గోడకి తగిలించిన రోజున మా అమ్మాయి అలవాటు చొప్పున ఎర్ర పెన్ను పట్టుకుని వచ్చింది. ఎక్కి నిలబడడానికి కుర్చీ కూడా లాక్కొచ్చింది. నా ముఖం చూసింది. తర్వాత అది పెన్నుకి మూత పెట్టేసి, కుర్చీ అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. ఇక మా ఇంట్లో ఆ తేదీలకి సున్నాలు చుట్టే పని లేదు.

ఆ సున్నాలు చుట్టించేది మా అత్త. అంటే మా ఆయన తల్లి. ఆమెకి అక్షరం ముక్క రాదు. కానీ ఏ నక్షత్రం ఏ రోజు ఎన్ని గంటలకి వస్తుందో, ఎన్ని గంటలకి వెళ్తుందో మనవరాలిచేత చదివించుకుని, "దనిష్ట కాడ ఎయ్యే గుంటా సున్నా. అక్కణ్నుంచి రేవతి దాకా సుట్టుకుంటూ పో. ఒక్కటి ఒగ్గీసినా నీ వీపు సీరెస్తాను" అని పక్కన నిలబడి చెప్పేది. ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి. నెలకోసారి ఈ ఐదూ వరసగా వస్తాయి. వీటిలో ఎవరైనా ఇంట్లో పోతే ఆ ఇల్లు పాడుపెట్టాలని, అంటే నెలల తరబడి తాళం వేసి విడిచిపెట్టాలని మా వైపు నమ్మకం. పట్టింపు ఉన్నవాళ్లు ఇంకొన్ని నక్షత్రాలు కూడా చెబుతారు. మా అత్త లెక్కలో మాత్రం ఐదే.

సొంత ఇల్లున్నవాళ్లకే ఇది భయమైతే, అద్దెకిచ్చేవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. అద్దెకున్నవాళ్లు కర్మ చేసుకుని ఇంకో వీధికి పోతారు. తాళం చెవి పట్టుకుని కూర్చోవలసింది ఓనరు. తాళం తీశాక కూడా ఆ ఇంట్లోకి దిగడానికి జనం జంకుతారు. అందుకే విశాఖపట్నంలో 'టు-లెట్' బోర్డు చూసి మెట్లెక్కినవాళ్లని ఓనర్లు ఎంతమంది ఉంటారు, మీరేమిట్లు, నీచు తింటారా అని అడగడం అయ్యాక, చివర్లో గొంతు తగ్గించి ఒక మాట అడుగుతారు.

"పెద్దవాళ్లెవరైనా ఉన్నారా?"

మా ఇంట్లో ఉంది. ఉండడమే కాదు, ప్రతి ఇల్లూ చూడడానికి మాతో పాటు వచ్చేది. వద్దంటే వినేది కాదు. "నానుండబోయే కొంప నాను సూసుకోవద్దేటి? సంతలో గొడ్డుని కొన్నా పళ్లు సూసుకుంటాం" అనేది.

చీపురుపల్లి దగ్గర మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక మేము విశాఖపట్నం వచ్చాం. ఊళ్లో ఉన్న రెండు గదుల పెంకుటిల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. అత్తని వెంటబెట్టుకుని వచ్చాం. మా ఆయన ఒక కంపెనీలో ఎలక్ట్రీషియను. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఇద్దరు పిల్లలు. మొత్తం ఐదుగురం. నాలుగేళ్లు ఒక ఇంట్లో బాగానే ఉన్నాం. గత ఏడాది ఎండాకాలంలో ఆ ఇంటి ఓనరు కొడుక్కి పెళ్లి కుదిరింది, రెండు నెలల్లో ఖాళీ చెయ్యమన్నారు. తప్పు వాళ్లది కాదు. మాకు కావలసింది రెండు పడక గదుల ఇల్లు, అంతే. ఒక గదిలో అత్త, పిల్లలు. ఒక గదిలో మేమూ, నా మిషనూ. ఇంత పెద్ద ఊళ్లో అది దొరకదని అప్పటికి అనుకోలేదు.

మా అత్త పొడగరి. ఎముకల మీద చర్మం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. కుడి భుజం కాస్త కిందికి వాలి ఉండేది. అడ్డపొగ తాగేది. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాతకాలపు ఆడవాళ్లు చుట్టని అడ్డంగా తిప్పి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. పెదవులు మూస్తే లోపల నిప్పు ఉందని ఎదుటివాళ్లకి తెలియదు. ఇదెక్కడి అలవాటు అత్తా అని అడిగితే, "నిప్పు బయటెడితే గాలి తాగీస్తాది. లోనెడితే నాను తాగుతాను" అనేది. నేను పదో తరగతి దాకానే చదివాను కానీ, చీపురుపల్లి శాఖా గ్రంథాలయంలో తెలుగు పుస్తకాల బీరువాలు మూడింటిని ఆ చివర నుంచి ఈ చివరకి చదివినదాన్ని. ఒక ఆరోగ్య పత్రికలో ఈ పొగ గురించి వచ్చిన వ్యాసం ఆమెకి చదివి వినిపించాను. అంగుడు కాలి పుండు పడుతుందని, అది మానదని అందులో ఉంది. శ్రద్ధగా విని, "అది రాసినోడు ఎప్పుడైనా కాల్సినాడేటి?" అంది. లేదనుకుంటానన్నాను. "అయితే ఆడికేటి తెల్సు!" అని ఇంకొకటి అంటించుకుంది.

కంచరపాలెంలో ఒక ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఆటో దిగుతూనే చుట్ట వెలిగించింది. ఆర్పే లోపే ఓనరమ్మ తలుపు తీసింది. మా అత్త గబుక్కున చుట్టని లోపలికి తీసుకుని పెదవులు బిగించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"మీకు ఒంట్లో బాగుంటుందా అమ్మా?" అని ఓనరమ్మ అడిగింది. మా అత్త తల ఊపింది.

"మెట్లెక్కగలరా?" మళ్లీ ఊపింది.

"ఆవిడ మాట్లాడరా?" అని నన్నడిగింది.

నాకేం తోచక, "సోమవారం మౌనవ్రతమండి" అన్నాను.

ఓనరమ్మ ముఖం విప్పారింది. "ఈ రోజుల్లో ఇంత నిష్ఠ ఎక్కడుందమ్మా!" అని మమ్మల్ని దేవుడి గదికి తీసుకెళ్లింది. వంటగది చూపించింది. గ్యాసు బండ ఎక్కడ పెట్టుకోవాలో చెప్పింది. ఇల్లు ఇచ్చేసినట్టే మాట్లాడుతోంది. ఈలోగా మా అత్త కళ్లలోంచి ధారలుగా నీళ్లు కారుతున్నాయి. ఓనరమ్మ అది భక్తి అనుకున్నట్టుంది. చివరికి మా అత్త ఎడమ ముక్కులోంచి దారంలాగా సన్నటి పొగ బయటికి వచ్చింది.

"అయ్యో! ఆవిడ ముక్కులోంచి పొగండీ!"

మేము వీధి చివర దాకా ఆగలేదు. అక్కడ ఒక గోడకి ఆనుకుని మా అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "సోమారం మౌనవ్రతమేటే నీ మొకం! ఈయేల మంగళారం!" నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆమె చుట్ట ఉమ్మేసింది. దానితో పాటు నేల మీద కొంచెం రక్తం పడింది. ఇద్దరం నవ్వు ఆపాం. ఆమె కాలితో దాని మీదకి మట్టి నెట్టి, "ఆటో వచ్చినాది, నడు" అంది.

ఆ వారంలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ముక్క కోసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టరుగారు మా ఆయన్ని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్లండి, ఇష్టమైనవి పెట్టండి అన్నారు. మేము ఉంటున్న ఇంటికి అప్పటికి ఇంకా ఇరవై రోజులే గడువు ఉంది.

అప్పటినుంచి వెతుకులాట తీరు మారింది. అంతకుముందు మంచి ఇల్లు కావాలని తిరిగాం. ఇప్పుడు ఆమె పోవడానికి అభ్యంతరం చెప్పని ఇల్లు కావాలి. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, ఆమె తప్ప. మేము గదులు చూస్తుంటే ఆమె బయట మెట్ల మలుపు దగ్గర రెండు చేతులూ బార్లా చాపి, ఈ గోడ నుంచి ఆ గోడకి కొలుచుకునేది. ఒక ఓనరు చూసి, ఏం చేస్తున్నారని అడిగితే ఎక్సర్‌సైజు అని చెప్పాను. కిందికి దిగాక మా ఆయన అడిగాడు.

"ఏటమ్మా ఆ కొలతలు?"

"పాడె తిరుగుతాదో లేదో సూస్తన్నాను. ఈ మెట్ల మీద తిరగదు. నిలబెట్టి దించాల."

"నోరు ముయ్యమ్మా! ఏటా మాటలు!"

"ఒరే బాబు, డబుల్ కాటు ఎక్కుతాదా అని నువ్వు సూసుకుంటన్నావు. నాది నాను సూసుకుంటన్నాను. అందులో తప్పేటున్నాది?"

ఆ రోజు అతను సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. బండి తీసుకుని వెళ్లిపోయాడు.

మధురవాడ వైపు ఒక ఇల్లు దొరకబోయింది. దాని గురించి రాయడం నాకు కష్టం. కింది వాటా, రెండు గదులు, ముందు వరండా. మెట్లు లేవు. ఓనరు రిటైరైన మాస్టారు. నా చేతిసంచిలోంచి పైకి కనిపిస్తున్న లైబ్రరీ పుస్తకం అట్ట చూసి, "మీరు చదువుతారా?" అని సంతోషపడ్డారు. తన బీరువా చూపించారు. పుస్తకాలు చదివే మనుషులు అద్దెకి రావడం అదృష్టమన్నారు. నలుగురా, ఐదుగురా అని కూడా అడగలేదు. సొరుగులోంచి తాళం చెవి తీసి టేబుల్ మీద పెట్టారు. అత్త బయట వరండా మెట్టు మీద కూర్చుని ఉంది.

ఆ టేబుల్ మీదే పంచాంగం ఉంది. దాన్ని చూడగానే, ఇక ఆ ప్రశ్న వస్తుందని నాకు అనిపించింది. నేను దానికి సిద్ధంగానే ఉన్నాను. అంతకుముందు వారం పది రోజులపాటు, కుట్టుపని పక్కన పెట్టి, ఇక్కడి గ్రంథాలయంలో ముహూర్తాల పుస్తకాలు, ధర్మశాస్త్రాల సంగ్రహాలు వెతికి ఒక నోటుబుక్కు నిండా రాసుకున్నాను. ఆయన అడిగే లోపే సంచిలోంచి అది తీశాను.

"మాస్టారూ, ఈ ధనిష్ఠా పంచకం దోషం గురించి పుస్తకాలన్నీ ఒకేలా చెప్పడం లేదండి. ఒకదాంట్లో ఆరు నెలలని ఉంది, ఇంకోదాంట్లో మూడు నెలలని ఉంది. శాంతి చేయిస్తే చాలు, ఇల్లు విడవక్కరలేదని మరోదాంట్లో ఉంది. నేను పేజీల నంబర్లతో సహా రాసుకున్నాను."

ఆయన కళ్లజోడు తీశారు. "బాగా చదివారమ్మా" అన్నారు. అద్దాలు తుడుచుకుంటూ, "కానీ ఇదంతా మీరు ఎందుకు వెతికారు?" అన్నారు.

నేను నోటుబుక్కు మూశాను. ఆయన కిటికీలోంచి వరండా మెట్టు వైపు చూశారు. మా అత్త అటు తిరిగి, దవడ మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది.

"ఆవిడకి ఏం జబ్బు?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆయన తాళం చెవి మళ్లీ సొరుగులో పెట్టేశారు. "ఏమీ అనుకోకండి. నాకు లేదు కానీ, మా ఇంట్లో ఆవిడకి పట్టింపులు" అన్నారు. ఆయన నిజంగానే బాధపడ్డారు. వీధి దాకా వచ్చి సాగనంపారు.

బస్టాపులో చాలాసేపు కూర్చున్నాం. మా అత్త అడిగింది.

"ఆయన ముందుగా నిన్ను అడిగినాడేటే?"

"లేదత్తా."

"మరెందుకు సెప్పినావు?"

నేను నోటుబుక్కుని సంచి అడుక్కి తోశాను.

"కోడిపెట్ట గుడ్డెట్టినాకే అరుస్తాది అమ్మీ. నువ్వు ముందే అరిసీసినావు" అంది. తర్వాత నా వైపు చూసింది. నేను ఏడుస్తున్నాను. కొంగు ముడి విప్పి, బండి మీద కాల్చి అమ్ముతున్న మొక్కజొన్నపొత్తు ఒకటి కొని నా చేతిలో పెట్టింది. తను తినలేదు. అప్పటికే గట్టివి నమలలేకపోతోంది. నేను తింటూ ఉంటే చూస్తూ, "ఉప్పు సరిపోనాదా?" అని అడిగింది.

ఆమె ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఇల్లు నచ్చలేదని చెప్పింది. ఇన్నాళ్లూ చదువు నన్ను కాపాడుతుందని నమ్మాను. ఆ ఇల్లు పోయింది నా చదువు వల్లే. ఇంకెవరి వల్లా కాదు.

ఆఖరి వారంలో గోపాలపట్నం వైపు ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తు ఫ్లాటు ఖాళీ అయిందని తెలిసింది. ఓనరుగారు అదే అపార్టుమెంటు మొదటి అంతస్తులో ఉంటారు. మర్యాదస్తులు. ముందే చెప్పేశారు: "నీళ్ల ఇబ్బంది ఉందండి. నలుగురికైతే ఇస్తాం." ఆ తర్వాత మా అత్త వైపు చూసి, "అమ్మగారు..." అని ఆగారు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు మా అత్త అందుకుంది.

"నానా బాబూ? నాను సుట్టాన్ని. గుంటలికి సెలవులని సూసి పోదావని వచ్చినాను. ఎల్లుండి ఎల్పోతాను."

అంత తేలిగ్గా అంది. మా ఆయన కిటికీ వైపు తిరిగి, బయట ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఓనరుగారు తేలికపడి నవ్వారు. రెండు రోజుల్లో అగ్రిమెంటు రాశారు. అందులో నాలుగు పేర్లు ఉన్నాయి.

పాలు పొంగించిన రోజున ఇంటికి పెద్దదైన మనిషి, ఓనరుగారి భార్య చూస్తూ ఉండగా, గుమ్మం బయట చెప్పుల పక్కన నిలబడింది. "రండి, మీరూ లోపలికి రండి" అని ఓనరమ్మే ఆమెని పిలిచింది. "వస్తన్నానమ్మా" అని, కొత్త చోటికి వచ్చినదానిలా అటూ ఇటూ చూసుకుంటూ లోపలికి వచ్చి, ఒక మూల కూర్చుని, నేనిచ్చిన పాయసం "బాగున్నాది, ఏటేసినావు?" అని అడిగింది. అది చేసింది తనే, తెల్లవారుజామున, పాత ఇంట్లో.

ఇక ఆ రోజు నుంచి ఆమె చుట్టం. చుట్టం వస్తుంది, పోతుంది. ఆమె ఆ వేషాన్ని ఊరికే వదల్లేదు. దానికి ఒక పద్ధతి పెట్టుకుంది. సున్నాలు చుట్టిన ఐదు రోజులూ ఆ ఇంట్లో ఉండకూడదని నిర్ణయించుకుంది. ధనిష్ఠ వచ్చే లోపల ఒక సంచిలో రెండు చీరలు పెట్టుకుని, పొద్దున్న పాసింజరెక్కి చీపురుపల్లిలో దిగి, అక్కడికి దగ్గర పల్లెలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లేది. అక్కడ కూడా ఇంట్లో పడుకునేది కాదు. పశువులశాలలో మంచం వేయించుకునేది. "గొడ్లకి నచ్చత్రాలేటి? అవెక్కడున్నా గొడ్లే" అనేది. రేవతి దాటాక బయల్దేరి వచ్చేది. చుట్టం ఉత్త చేతులతో రాకూడదని కందముక్కో, నాలుగు పచ్చి మామిడికాయలో తెచ్చి, మొదటి అంతస్తులో ఆగి ఓనరమ్మకి సగం ఇచ్చేది. తర్వాత మళ్లీ ధనిష్ఠ దాకా ఫ్లాటులోంచి కిందికి దిగేది కాదు. "మీ చుట్టపావిడ ఎంత ఆపేక్ష గల మనిషమ్మా! నెల నెలా వస్తుంది" అని ఓనరమ్మ నాతో అనేది.

మా ఆయన బతిమాలాడు. "ఎవలికి తెలుస్తాదే అమ్మా? ఉండిపో. ఏదైనా అయితే నాను సూసుకుంటాను."

"తెలిస్తే మిమ్మల్ని తోలీస్తారు. తెలీకపోతే ఆలకి దోసం తగుల్తాది. పాపం, ఆలకీ గుంటలున్నారు కదరా. ఎవలి ఇల్లైనా ఇల్లే."

నేను పుస్తకాల్లో వెతికింది ఓనర్లని ఒప్పించడానికి. ఆమె మాత్రం దోషం ఉందని నిజంగా నమ్మింది. తనని చేర్చుకోని ఇంటిమీద కూడా అది పడకూడదని బండెక్కింది. నా నోటుబుక్కులో దీనికి పేజీ నంబరు లేదు.

ఒకసారి అలా ఊరినుంచి తిరిగి వచ్చి గేటు దగ్గర ఆటో దిగుతోంది. మా అబ్బాయి కింద ఆడుకుంటూ చూసి, "నానమ్మా!" అని పరుగెత్తబోయాడు. సగంలో ఆగి, మొదటి అంతస్తు కిటికీ వైపు చూసి, "బాగున్నారా అండీ" అన్నాడు. పిల్లవాడికి పదమూడేళ్లు. ఎవరూ నేర్పలేదు. నేను పైనుంచి చూస్తున్నాను. మా అత్త వాడి తల మీద చెయ్యి వేసి, "బాగున్నాను బాబూ. మీ అమ్మ ఇంటికాడ ఉన్నాదా?" అని అడిగింది. పైకి వచ్చి తలుపు వేశాక నాతో, "నీ కొడుకు గట్టోడే. బతికీస్తాడు" అంది. వాడు ఆ రోజు అన్నం తినలేదు.

చలికాలానికి ఆమె ముఖం ఒక పక్కకి వాచిపోయింది. గంజి తప్ప దిగేది కాదు. మాట ముద్దగా వచ్చేది, తర్వాత అదీ పోయింది. చుట్ట మానేసింది, మానేశాక కూడా ఉత్త పెదవులు బిగించి కూర్చునేది. అలా ఉన్నా ఐదు రోజులు వచ్చేసరికి సంచి ముందు పెట్టుకునేది. మా ఆయన ఆమెని మెట్ల మీద ఎత్తుకుని దించి, సెలవు పెట్టి, రైల్లో తీసుకెళ్లి దిగబెట్టి వచ్చేవాడు. ఓనరుగారు ఎదురైతే, చుట్టానికి కాళ్ల నొప్పులని చెప్పేవాడు.

ఆ ఆఖరి నెలలో చెల్లెలి ఊరికి వెళ్లే దారి కూడా మూసుకుపోయింది. చెల్లెలి మనవరాలు పురిటికి వచ్చింది. పురుడు పోసుకోబోయే ఇంటికి చావుకి దగ్గరైన మనిషిని తీసుకెళ్లకూడదు. చెల్లెలు ఫోనులో ఏడ్చింది.  వాళ్ల స్థానంలో ఉంటే మేమూ అదే చేస్తాం.

ధనిష్ఠ ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక వస్తుంది. మా ఆయన తల్లి మంచం పక్కన కూర్చుని, "ఈపాలికి ఎక్కడికీ ఎల్లొద్దు. నాను సెబుతన్నాను" అన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. ఒప్పుకుందనుకున్నాం. నేను మిషను దగ్గర కూర్చున్నాను. కాసేపటికి ఏదో ఈడుస్తున్న చప్పుడు వినిపించి వెళ్లి చూస్తే, ఆమె నేల మీద పాక్కుంటూ, సంచి చేత్తో లాక్కుంటూ, గుమ్మం దాటి బయటికి వెళ్లిపోయి, చెప్పుల పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను ఎంత పిలిచినా లోపలికి రాలేదు.

పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. ఏమిటి ఇబ్బంది అని డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగింది. ఏం చెప్పాలి? ఆమె వయసులో చిన్నదే కానీ మా ముఖాలు చూసి ఇంకేమీ అడగకుండా వార్డులో మంచం ఇప్పించింది, సెలైను పెట్టించింది. మా అత్త ఆ మంచం మీద మొదటిసారి నిశ్చింతగా పడుకుంది. ఆస్పత్రి ఎవరి ఇల్లూ కాదు. రోజూ పొద్దున్నే నేను వెళ్లేసరికి ఒక్కో వేలు మడిచి చూపించేది. ఒకటి. రెండు. మూడు. నాలుగో రోజున చెయ్యి ఎత్తలేకపోతే నేనే ఆమె వేలు మడిచాను.

ఆరో రోజు పొద్దున్న ఆమె చెవిలో చెప్పాను. "రేవతి ఎల్లిపోనాది అత్తా. ఈయేల అశ్వని. ఇంటికెల్పోదాం." కళ్లు తెరిచింది. అర్థమైందనే అనుకుంటున్నాను. మా ఆయన ఆటో తేవడానికి వెళ్లాడు. నర్సు డిశ్చార్జి కాగితాలు రాస్తోంది. అతను తిరిగి వచ్చేలోపే ఆమె పోయింది. ఏ ఇంటికీ దోషం లేని నక్షత్రంలో, ఏ ఇల్లూ కాని చోట.

ఇంటికి తీసుకెళ్లడానికి లేదు. చుట్టం శవాన్ని మూడో అంతస్తుకి ఎలా తీసుకెళ్తాం? చెల్లెలి ఇంటి ముందు దించడానికి అక్కడ పురిటి గది. ఆస్పత్రినుంచి వ్యానులో నేరుగా ఊరి పొలిమేరకి తీసుకెళ్లాం. కింద దించకుండా వ్యానులోనే ఉంచి స్నానం చేయించాం. చూడవలసినవాళ్లు అక్కడికే వచ్చి చూశారు. పదకొండు రోజులూ దగ్గరివాళ్ల కళ్లంలో పాక వేసుకుని ఉన్నాం. ఓనరుగారికి ఊళ్లో పెళ్లి అని ఫోనులో చెప్పాం.

తిరిగి వచ్చిన రోజున గేటు దగ్గరే ఓనరుగారు కనిపించారు. మా ఆయన గుండు చూసి నవ్వుతూ, "ఏమండోయ్, పెళ్లన్నారు, తిరుపతి వెళ్లొచ్చారా?" అన్నారు.

మా ఆయన నా వైపు చూశాడు. "సింహాచలం అండి" అన్నాడు.

"అలాగా! మరి మాకు ప్రసాదం ఏదీ?"

"బేగుల్లో ఎక్కడో ఉందండి. తీసి తెస్తాను."

పైకి వచ్చి తలుపు వేసుకున్నాక కాసేపు మంచం మీద కూర్చున్నాడు. తల్లి పోయినవాడు ఏడాదిపాటు కొండ ఎక్కకూడదు, గుడిలో అడుగు పెట్టకూడదు. లేచి వెళ్లిపోయాడు. బస్సెక్కి సింహాచలం కొండ కింద దిగి, మెట్ల మొదట్లో నిలబడి, దర్శనం చేసుకుని దిగి వస్తున్నవాళ్లని ఒక్కొక్కరినీ అడిగాడట. ఒక ముసలాయన తన పొట్లంలోంచి సగం లడ్డూ, కాస్త పులిహోర తీసి కాగితంలో పెట్టి ఇచ్చాడు. చీకటి పడేలోపే వచ్చేశాడు. తిన్నగా మొదటి అంతస్తులో ఆగి బెల్లు కొట్టాడు. అతని గొంతు విని నేను పైనుంచి దిగి, వాళ్ల గుమ్మానికి నాలుగు మెట్ల పైన ఆగిపోయాను.

ఓనరుగారు రెండు చేతులతో పొట్లం అందుకున్నారు. "మొక్కు ఎవరి పేరు మీదండీ?"

"మా అమ్మ పేరు మీదండి."

"మీ అమ్మగారు ఉన్నారా? ఎక్కడుంటారు?"

"ఊళ్లోనే అండి."

"పేరు?"

మా ఆయన చెప్పాడు. ఆ బిల్డింగులో ఆమె పేరు ఎవరైనా పైకి పలకడం అదే మొదటిసారి.

ఓనరుగారు ప్రసాదం కళ్లకద్దుకుని, భార్యకి కాస్త ఇచ్చి, మిగిలింది నోట్లో వేసుకున్నారు. "ఆవిడ నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి" అన్నారు, నిజంగానే, మనసారా.

మా ఆయన గుండు మీద చెయ్యి పెట్టుకుని, "మీ దీవెనండి" అన్నాడు.